సరిహద్దు దాటిన ప్రతిసారీ మారే మాత్ర

మా మావయ్య మందులన్నీ ఒక పాత బిస్కెట్ల రేకుడబ్బాలో ఉంటాయి. మూత లోపలి వైపు కేలండరు కాగితం అంటించి, ఏ పూట ఏది వేసుకోవాలో తన గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పిన మనిషి కాబట్టి ఆ జాబితాలో వెతికినా ఒక అక్షరదోషం దొరకదు. ఉదయం బీపీ బిళ్ల, షుగరు బిళ్ల. మధ్యాహ్నం గుండె గొట్టం. రాత్రి కొవ్వు బిళ్ల. గొట్టం అంటే మా వైపు కేప్సూలు. మొన్న వేసవిలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి దగ్గరి వాళ్ల ఊరికి వెళ్లినప్పుడు, అరుగు మీదికి మూడు మెట్లు ఎక్కడానికి ఆయన గోడ పట్టుకోవడం చూశాను. ఏమైందని అడిగితే, "ఏటల్లుడూ, వయసొచ్చీసింది గదా, తొడలు లాగుతాయి మరి" అని తేల్చేశారు. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే అత్తయ్య సమాధానం చెప్పింది: సంక్రాంతి దాటిన దగ్గర నుంచి.

ఊరికే కూర్చోలేక ఆ డబ్బా తెరిచాను. గుండె గొట్టం అట్ట వెనుక చీమ తలకాయలంత అక్షరాల్లో మూడు మందుల పేర్లున్నాయి: ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, రోసువాస్టాటిన్ 20. ఇక రాత్రి వేసుకునే కొవ్వు బిళ్లల స్ట్రిప్పును కౌంటరులో లెక్కకు సరిపడా కత్తిరించి ఇచ్చారు. కత్తెర మొదటి అక్షరాన్ని తీసుకుపోయింది. మిగిలింది "టోర్వాస్టాటిన్ 40". స్టాటిన్లంటే కొలెస్ట్రాల్ తగ్గించే మందులు. అంటే ఆయన మధ్యాహ్నం ఒక స్టాటిన్, రాత్రి ఇంకో స్టాటిన్, రెండూ గట్టి మోతాదుల్లోనే, నాలుగు నెలలుగా క్రమం తప్పకుండా వేసుకుంటున్నారు. క్రమశిక్షణ గల ఉపాధ్యాయుడు కాబట్టి ఒక్క పూట కూడా మానలేదు.

మందు రాసినవారిలో ఎవరినీ తప్పు పట్టలేను. ఎనిమిది నెలల కిందట విశాఖపట్నంలో స్టెంటు వేసిన వైద్యుడు మూడు మందులూ కలిసిన గొట్టం రాశారు. ఆ తరువాత బీపీ చూపించుకోవడానికి ఒడిశా వైపు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లినప్పుడు, మావయ్య పాత చీటీ తీసుకెళ్లలేదు. కొలెస్ట్రాల్ మందు వాడుతున్నారా అని అక్కడి వైద్యుడు అడిగారట. "లేదండి, గుండెకి గొట్టం ఒకటి వేస్తన్నాను" అని ఈయన చెప్పారు. స్టెంటు ఉన్న మనిషికి స్టాటిన్ లేకపోవడం ఏమిటని ఆయన అటోర్వాస్టాటిన్ రాశారు. ఆ ప్రశ్నకూ, ఆ జవాబుకూ, ఆ చీటీకీ ఎక్కడా వంక పెట్టడానికి లేదు. మూడింటినీ కలిపితే మాత్రం తొడల నొప్పి తేలింది.

అసలు తప్పు నా వల్ల జరగబోయింది. రెండు స్టాటిన్లు కనిపించగానే, ఉచితంగా వచ్చేదాన్ని ఉంచి డబ్బు పెట్టి కొనేదాన్ని తీసేస్తే సరిపోతుందనే బ్యాంకు గుమాస్తా బుద్ధితో, "మావయ్యా, ఈ గొట్టం ఇవాళ్టి నుంచి ఆపేద్దాం" అన్నాను. బరంపురంలో నర్సుగా పనిచేస్తున్న మరదలు ఫోనులో ఆ మాట విని కేక వేసింది. "బావా, గొట్టం ఆపించొద్దు. అందులో స్టెంటు మూసుకుపోకుండా చూసే మందులు రెండున్నాయి. ఆపితే రాత్రి బిళ్ల ఆపించు, రేపు డాక్టరుతో మాట్లాడదాం." ఒక్క వారం ఆయన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లేకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ అరచేతులు చెమర్చుతాయి.

ఇది జరిగాక మా కుటుంబం వాట్సాప్ గుంపులో పెద్ద చర్చ నడిచింది. అయితే ఆ చర్చ రెండు మందులు ఎలా కలిశాయన్న దాని మీద కాకుండా, అటోర్వా మంచిదా, రోసువా మంచిదా అన్న దాని మీదికి మళ్లింది. నాకు అభ్యంతరం అక్కడే. సరైన మోతాదులో ఇచ్చినప్పుడు ఈ రెండింటి మధ్య తేడా, మనం వాదించుకుంటున్నంత పెద్దది కాదు. ఒక దాని నుంచి ఇంకోదానికి మారడంలో ఉన్న ప్రమాదం మాత్రం మనం అనుకుంటున్న దానికన్నా పెద్దది. మా వంటి సరిహద్దు ఊళ్లలో ఆసుపత్రి మారిన ప్రతిసారీ స్టాటిన్ మారుతుంది. కుదిరిన స్టాటిన్‌ను బలమైన కారణం లేకుండా మార్చనివ్వకూడదన్నదే నేను ఇక్కడ చెప్పదలచుకున్న సంగతి. నేను వైద్యుణ్ణి కాను. లెక్కలు చూసుకునే అలవాటు ఉన్న మనిషిని మాత్రమే.

అంకెలు ఏమంటున్నాయి

స్టాటిన్లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి కొలిచిన ప్రయోగాల్లో 2003లో వెలువడిన స్టెల్లార్ ముఖ్యమైనది. ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను, రోసువాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు సుమారు 46 శాతం, 20 మిల్లీగ్రాములు 52 శాతం తగ్గించాయి. అటోర్వాస్టాటిన్ 10 అయితే 37 శాతం, 20 అయితే 43, 40 అయితే 48, 80 అయితే 51. సింవాస్టాటిన్ 40 దగ్గర 39 శాతం, ప్రవాస్టాటిన్ 40 దగ్గర 30 శాతం. మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము చూస్తే రోసువా ముందుంది, సందేహం లేదు. మా తమ్ముడు ఈ అంకెలనే చూపించి, "పది ఇచ్చే ఫలితానికి ఇరవయ్యో నలభయ్యో ఎందుకు మింగాలి?" అని అడిగాడు. మిల్లీగ్రాము అంటే బరువే తప్ప బలం కాదు. శేరు బియ్యానికీ శేరు బెల్లానికీ ధర పోల్చి ఏది చవకో తేల్చినట్టుంది ఆ వాదన. రోసువా 10 చేసే పని అటోర్వా 20 నుంచి 40 మధ్య ఎక్కడో జరుగుతుంది. పోల్చవలసింది ఆ జంటలను.

ఆ జంటలను పోలిస్తే మిగిలే తేడా ఎంతో నేనే లెక్కవేసి చూశాను. ఒక మనిషి ఎల్‌డీఎల్ 140 అనుకుందాం. రోసువా 10 తో అది 76 దగ్గరికి వస్తుంది, అటోర్వా 20 తో 80 దగ్గరికి. తేడా నాలుగు. వేర్వేరు ప్రయోగాల్లోని సుమారు 1,70,000 మంది వివరాలను కలిపి 2010లో చేసిన విశ్లేషణ ప్రకారం, ఎల్‌డీఎల్ దాదాపు 39 మిల్లీగ్రాములు తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఘటనలు ఐదింట ఒక వంతు పైచిలుకు తగ్గాయి. ఆ లెక్కన నాలుగు మిల్లీగ్రాముల తేడాకు దక్కేది రెండు శాతం చుట్టుపక్కల. ఇంతటి తేడా ఒకే మనిషి రక్తాన్ని రెండు ల్యాబుల్లో ఇచ్చినా కనిపించవచ్చు. పైగా మన ల్యాబుల్లో చాలాచోట్ల ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు; మొత్తం కొలెస్ట్రాల్ నుంచి మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లనే ఇంకో రకం కొవ్వులో ఐదో వంతునూ తీసివేసి రాస్తారు. పెళ్లి భోజనం చేసిన మరునాడు రక్తమిస్తే ఆ ఐదో వంతు అటూ ఇటూ అవుతుంది. ఆ కాగితం పట్టుకుని మందు పేరు మీద తీర్పు చెప్పడం తొందరపాటే.

ఎల్‌డీఎల్ అంకె సంగతి అటుంచి, మనుషులకు ఏమైందని చూసిన ప్రయోగం కూడా ఉంది. దక్షిణ కొరియాలో గుండె రక్తనాళాల జబ్బు ఉన్న 4,400 మందిని రెండు భాగాలు చేసి, సగం మందికి రోసువా, సగం మందికి అటోర్వా ఇచ్చి మూడేళ్లు చూశారు. ఆ ఫలితాలు 2023లో వచ్చాయి. మరణం, గుండెపోటు, పక్షవాతం, మళ్లీ స్టెంటు లేదా బైపాస్ అవసరం కావడం, వీటన్నింటినీ కలిపి చూస్తే రోసువా వాడినవారిలో 8.7 శాతం, అటోర్వా వాడినవారిలో 8.2 శాతం. ఆ తేడాను లెక్కలోకి తీసుకోనక్కరలేదు. రోసువా వారి ఎల్‌డీఎల్ ఒక పిసరు ఎక్కువ తగ్గింది కానీ, మందు అవసరమైన కొత్త మధుమేహం వారిలో 7.2 శాతం, అటోర్వా వారిలో 5.3 శాతం. శుక్లాల ఆపరేషను కూడా అటువైపే కొంచెం ఎక్కువ.

మా గుంపులో ఈ మధుమేహం అంకె పెట్టగానే రోసువా పక్షం సద్దుమణిగి, అటోర్వా పక్షం విజయోత్సవం మొదలుపెట్టింది. ఆ ఉత్సవంలోనూ నేను చేరలేను. మధుమేహాన్ని కొద్దిగా పెంచే గుణం ఒక్క రోసువాది కాదు, బలమైన స్టాటిన్లన్నింటిదీ. ఆ ప్రయోగం ప్రధానంగా అడిగిన ప్రశ్న కూడా అది కాదు. ఎవరు ఏది వేసుకుంటున్నారో వైద్యులకూ రోగులకూ తెలిసే జరిగింది. స్టెంటు ఉన్న మనిషి ఆ భయంతో మందు మానేస్తే పోయేది చాలా ఎక్కువ. 1994లో వచ్చిన స్కాండినేవియా ప్రయోగంలో గుండె జబ్బున్న 4,444 మందిని ఐదేళ్లకు పైగా చూస్తే, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 12 శాతం మరణించారు, సింవాస్టాటిన్ వేసుకున్నవారిలో 8 శాతం. ఆ రోజుల్లో దొరికింది ఇప్పుడు మనం పాతదని పక్కన పెట్టిన సింవాస్టాటినే. ఆ పాత మందే అంత మేలు చేసిందన్న సంగతి ఈ వాదనల్లో ఎవరికీ గుర్తుకు రాదు.

ఒకే ఇంటివాళ్లు

రెండు స్టాటిన్లు కలిపి వేసుకుంటే రెండింతలు పనిచేస్తుందేమోనని అత్తయ్య అమాయకంగా అడిగింది. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఈ మందులన్నీ కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీకి కావలసిన ఒకే ఎంజైమును అడ్డుకుంటాయి. ఒక కుళాయిని ఒకరు బిగించాక రెండోవారు వచ్చి మళ్లీ బిగిస్తే అదనంగా ఆగేవి కొన్ని చుక్కలే. మర మాత్రం అరుగుతుంది. స్టాటిన్ మోతాదును రెట్టింపు చేసిన ప్రతిసారీ ఎల్‌డీఎల్ తగ్గుదల ఇంకో ఆరు శాతం మాత్రమే పెరుగుతుందని వైద్యులు ఒక మోటు లెక్క చెబుతారు. దుష్ఫలితాలకు ఆ పొదుపు ఉండదు.

ఈ కుటుంబం పుట్టుక కూడా ఒక వింత కథ. జపానులో శాంక్యో సంస్థలో పనిచేస్తున్న అకిరా ఎండో సుమారు 6,000 బూజులను, శిలీంధ్రాలను పరీక్షించి, 1973లో కాంపాక్టిన్‌ను పట్టుకున్నారు. దాన్ని ఇచ్చిన బూజు క్యోటోలో ఒక ధాన్యం దుకాణపు బియ్యం మీద దొరికింది. తీరా ఎలుకలకు ఇస్తే వాటి కొలెస్ట్రాల్ తగ్గనే లేదు. పని అక్కడితో ఆగిపోవలసింది. గుడ్లు పెట్టే కోళ్లకు ఇచ్చి చూస్తే తగ్గింది. 1987లో అమెరికాలో అనుమతి పొందిన లోవాస్టాటిన్ మొదలుకొని తరువాతి వాళ్లందరూ ఆ బియ్యపు బూజుకు వరసైనవాళ్లే, అటోర్వా, రోసువాలను పూర్తిగా రసాయనశాలలోనే తయారుచేసినా సరే. మన ఇంటిపేరు ముందు ఉంటుంది, వీళ్ల ఇంటిపేరు చివర ఉంటుంది. మావయ్యకు నేను నేర్పినది అదొక్కటే: అట్ట వెనుక చిన్న అక్షరాల్లో చివర "స్టాటిన్" అని ఉన్నవి రెండు కనబడితే ఎవరినైనా అడగండి అని. నోటిపూతకు ఇచ్చే నిస్టాటిన్ అనే మందు ఒకటి ఇదే ఇంటిపేరు పెట్టుకుని తిరుగుతుంది కానీ దానికీ వీళ్లకూ చుట్టరికం లేదు.

కంపెనీ పెట్టిన అమ్మకపు పేర్లలో ఈ ఇంటిపేరు కనిపించదు. మూడు మందులు కలిసిన గొట్టాల్లోనైతే మరీ దాక్కుంటుంది. అందుకే గుండె మందు వేరు, కొవ్వు మందు వేరు అని మావయ్య నమ్మారు. ఆయన తెలుగూ చదువుతారు, ఒడియా కూడా చదువుతారు. మందు పేరు మాత్రం మూడో భాషలో ఉంటుంది. చదివేవాడికి అర్థం కాని భాషలో పుస్తకం రాయడం ఎందుకని గిడుగు రామమూర్తి పంతులుగారు తగువు పెట్టుకున్నది ఈ పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూనే. ఆయన గనక ఈ అట్ట వెనుక అక్షరాలు చూసి ఉంటే ఇంకో ఉద్యమం నడిపేవారు.

నిజంగా తేడా ఉన్న చోట్లు

ఇంతకూ రెండూ ఒకటే అని నేను అనడం లేదు. కొన్ని శరీరాల్లో, కొన్ని మందుల పొత్తులో తేడా గట్టిగానే ఉంటుంది. అక్కడ మార్చకుండా ఉండడమే తప్పవుతుంది.

మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి రోసువా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పది దాటవద్దని అమెరికా సూచనల్లో ఉంది. అటోర్వాకు ఆ నియమం లేదు. ఆసియా వాసుల రక్తంలో రోసువా మోతాదు తెల్లవారితో పోలిస్తే దాదాపు రెండింతలు చేరుతుందని గమనించి, వారికి ఐదుతో మొదలుపెట్టాలని కూడా ఆ సూచనల్లోనే రాశారు. స్టెల్లార్ అంకెలను మన ఒంటికి యథాతథంగా అన్వయించుకునేటప్పుడు ఈ వాక్యాన్ని కూడా పక్కన పెట్టుకోవాలి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె మావయ్యకు 1.5 ఉంది. అది ప్రమాద ఘంటిక కాదు గానీ, అరవై కిలోలు కూడా లేని అరవై ఎనిమిదేళ్ల మనిషికి అది చిన్న అంకె కూడా కాదు.

రోసువా గెలిచే చోటు మా ప్రాంతానికి మరీ దగ్గరది. ఉక్కపోత రోజుల్లో గజ్జల్లో, నడుము చుట్టూ తామర రాని ఇల్లు మా వైపు తక్కువ. దానికి ఈ మధ్య ఇట్రాకొనజోల్ అనే గొట్టాలు వారాల తరబడి రాస్తున్నారు. అటోర్వాస్టాటిన్‌ను, సింవాస్టాటిన్‌ను శరీరంలో విరిచే ఎంజైమును ఆ మందు అడ్డుకుంటుంది. స్టాటిన్ రక్తంలో పేరుకుంటుంది. సింవాతో ఆ పొత్తు అసలు నిషిద్ధం. అటోర్వా అయితే ఇరవై దాటకూడదు. దగ్గుకూ ఛాతీ పట్టడానికీ రాసే క్లారిత్రోమైసిన్‌తోనూ ఇదే కథ. రోసువా ఆ దారిలో పెద్దగా నడవదు కాబట్టి దానికి ఈ బెడద తక్కువ. సింవా వేసుకునేవారు బీపీకి ఆమ్లోడిపిన్ కూడా వాడుతుంటే సింవా ఇరవై మించకూడదన్న నియమం 2011 నుంచి ఉంది. మా ఊళ్లో బీపీ ఉన్నవాళ్లలో ఆమ్లోడిపిన్ వాడనివాళ్లను నేను పెద్దగా చూడలేదు. తామర మందు రాసే వైద్యుడికి కొలెస్ట్రాల్ మాట చెప్పాలని రోగికి ఎందుకు తోస్తుంది? చర్మానికీ గుండెకూ ఏమి సంబంధమని అనుకుంటాడు.

ఇక స్టెంటు ఉన్నవారి ఎల్‌డీఎల్ 50 కంటే తక్కువ ఉండాలని భారత లిపిడ్ సంఘం చెబుతుంది. అంత కిందికి తేవాలంటే ప్రతి మిల్లీగ్రామూ లెక్కే కదా, అప్పుడు రోసువాయే నయం కదా అని తమ్ముడు మళ్లీ వచ్చాడు. ఈ వాదనలో బలం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఒక స్టాటిన్ గట్టి మోతాదులో ఉన్నా అంకె దిగకపోతే, ఇంకో స్టాటిన్‌కు మారి దక్కించుకునే మూడు నాలుగు శాతం కన్నా, పేగుల్లో కొలెస్ట్రాల్ పీల్చుకోవడాన్ని అడ్డుకునే ఎజెటిమైబ్‌ను జతచేస్తే దక్కేది ఎక్కువ. అలా జతచేస్తే గుండె ఘటనలు కూడా తగ్గుతాయని 18,144 మంది మీద జరిగి 2015లో వెలువడిన ప్రయోగం చూపింది. అది చేసే పని వేరే చోట కాబట్టి, బిగించిన కుళాయినే మళ్లీ బిగించినట్టు కాదు.

తొడల నొప్పి ఎవరిది?

ఇక్కడ నా కథలోనే నాకు అనుమానం ఉంది. రాత్రి బిళ్ల ఆపిన మూడు వారాలకు మావయ్య నొప్పి సగానికి సగం తగ్గింది. ఆపడానికి ముందు చేయించిన సీకే పరీక్ష, అంటే కండరాలు దెబ్బతింటే పెరిగే అంకె, మామూలుకు మూడింతలు వచ్చింది. ఇంకేముంది, జోడు స్టాటిన్ల పనే అని అందరమూ అనుకున్నాం. కానీ ఆ పరీక్షకు నాలుగు రోజుల ముందు వరకు ఆయన జీడితోటలో వంగి పిక్కలు ఏరారని అత్తయ్య తరువాత చెప్పింది. అలవాటు లేని చాకిరీ చేసినా సీకే పెరుగుతుంది. బిళ్ల ఆపిన రోజులూ, జీడి పని అయిపోయిన రోజులూ ఒకటే.

లండన్‌లో చేసిన ఒక చిన్న ప్రయోగం నన్ను ఈ విషయంలో మరీ ఇరుకున పెట్టింది. స్టాటిన్ పడలేదని మానేసిన 60 మందికి పన్నెండు సీసాలు ఇచ్చారు: నాలుగింటిలో అటోర్వాస్టాటిన్ 20, నాలుగింటిలో ఉత్తుత్తి మాత్రలు, నాలుగు ఖాళీ. నెలకో సీసా చొప్పున ఏడాది పాటు, ప్రతిరోజూ తమ బాధకు మార్కులు వేసుకోమన్నారు. మాత్ర లేని నెలల్లో సగటు 8. స్టాటిన్ నెలల్లో 16.3, ఉత్తుత్తి మాత్ర నెలల్లో 15.4. అంటే వారి నొప్పి నిజమే, కానీ దానిలో తొంభై శాతం మాత్ర మింగుతున్నామన్న ఎరుక వల్ల వచ్చింది, మందు వల్ల కాదు. 2020లో ఈ ఫలితం వచ్చాక అందులో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు.

అయితే మావయ్య విషయంలో ఈ వివరణ కుదరదని నా వాదన. తాను రెండు స్టాటిన్లు వేసుకుంటున్నట్టు ఆయనకు తెలియనే తెలియదు. నొప్పిని మందు మీద కాక వయసు మీద వేశారు. భయం లేని చోట భయం వల్ల వచ్చే నొప్పి ఎలా వస్తుంది? అలా అని కండరాల నొప్పి అంతా అపోహే అని కొట్టిపారేసేవారితోనూ నేను ఏకీభవించను. సెరివాస్టాటిన్ అనే ఒక స్టాటిన్ కండరాలను కరిగించి ప్రాణాలు తీయడంతో 2001లో దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అటువంటిది చాలా అరుదు, కానీ మోతాదు పెరిగిన కొద్దీ, పొత్తు మందులు చేరిన కొద్దీ ఆ అరుదు దగ్గరవుతుంది. మూత్రం పాలు కలపని టీ రంగులో వస్తోందా అని మరదలు ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న అందుకే.

మందు మారుస్తూ పోతే ఈ చిక్కు ఎప్పటికీ విడదు. ఒకే మందు, ఒకే మోతాదు ఆరు నెలలు వేసుకుంటే, నొప్పి దానిదో కాదో చెప్పడానికి కొంత ఆధారం ఉంటుంది. మార్చిలో రోసువా, మేలో అటోర్వా, జూలైలో మళ్లీ రోసువా అయితే, జీడి పిక్కల చాకిరీ ఎక్కడ ముగిసింది, మందు ఎక్కడ మొదలైంది అని ఎవరు చెప్పగలరు?

నది దాటితే మారే చీటీ

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులోకి వచ్చింది, పాతపట్నం అటు ఆంధ్ర వైపే ఉండిపోయింది. చుట్టాలు, సంతలు, పెళ్లిళ్లు ఆ గీతను ఎప్పుడూ పట్టించుకోలేదు. రోగమొస్తే మాత్రం గీత గుర్తుకు వస్తుంది. గుండెకు విశాఖపట్నం, షుగరుకు శ్రీకాకుళం, పెద్ద జబ్బయితే బరంపురంలో మా పర్లాకిమిడి రాజావారు కృష్ణచంద్ర గజపతి పేరిట ఉన్న వైద్య కళాశాల, జ్వరానికి దగ్గరి ప్రభుత్వాసుపత్రి. ఒక్కో చోట ఒక్కో మందు అలవాటు. ప్రైవేటు వైద్యుడు రోసువా రాస్తే, ఉచిత కౌంటరులో ఉండేది అటోర్వా. 2015 నుంచి ఒడిశా ప్రభుత్వాసుపత్రుల్లో నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇస్తున్నారు. నెలనెలా పింఛను లెక్క చూసుకునే ఇంట్లో అది చిన్న విషయం కాదు.

ఇక్కడే నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ ఉంది. మార్చవద్దు అని నేను చెబితే, డబ్బు లేక నెలలో పది రోజులు మందు మానేసే మనిషికి నేను చెప్పేదేమిటి? అతనికి నా సలహా నిలవదు. ఏడాది పొడవునా ఉచితంగా దొరికే అటోర్వా, సగం రోజులే కొనగలిగే రోసువా కన్నా ఏ విధంగా చూసినా మెరుగే. ఖరీదు అనేది బలమైన కారణమే. నేను వద్దనేది కారణం లేని మార్పును, కారణం ఉన్నా చీటీ మీద రాయని మార్పును. "దీనికి బదులు ఇది, ఇంత మోతాదు" అని ఒక్క మాట ఉంటే మావయ్య రాత్రి బిళ్లను అదనంగా కాక బదులుగా వేసుకునేవారు. మోతాదు సంగతి అంతకన్నా మోసపూరితమైనది. రోసువా 20 వాడుతున్న మనిషి కౌంటరులో అటోర్వా 20 తీసుకుని, అంకె ఒకటే కదా అని నిశ్చింతగా ఉంటాడు. ఆ నిశ్చింత వెల, స్టెల్లార్ లెక్కలో 52కూ 43కూ మధ్య తేడా.

మావయ్య విషయంలో చివరికి మారక తప్పలేదు, కారణాలు మూడు తేలాయి కాబట్టి: క్రియాటినిన్, ఖరీదు, తొడలు. విశాఖపట్నం వైద్యుడితో ఫోనులో మాట్లాడి, గొట్టాన్ని తీసేసి, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ విడివిడిగా రాయించుకుని, రాత్రికి అటోర్వా 40 ఒక్కటే ఉంచారు. నెలన్నర తరువాత సీకే దాదాపు మామూలుకు వచ్చింది, ఎల్‌డీఎల్ 66. పోయిన నెల గుండె వైద్యుడి దగ్గరికి రేకుడబ్బానే సంచిలో పెట్టుకుని వెళ్లాం. ఆయన మూత మీది కాగితం చదవలేదు గానీ స్ట్రిప్పులన్నీ బల్ల మీద పరిపించుకుని, ఒక్కొక్కటి తిప్పి చూశారు. స్టాటిన్ మార్చలేదు. ఎజెటిమైబ్ 10 జతచేశారు.

తిరుగు ప్రయాణంలో మావయ్య ఆ కొత్త అట్టను కిటికీ వెలుతురులో చాలాసేపు చూశారు. "అల్లుడూ, దీని చివర స్టాటిన్ లేదు గదా. ఇది వేరే ఇంటిదా?" అని అడిగారు. వేరే ఇంటిదే మావయ్యా, వేసుకోవచ్చు అన్నాను. ఇంటికి చేరాక కేలండరు కాగితం మీద రాత్రి గడిలో కొవ్వు బిళ్ల పక్కన బ్రాకెట్లో "ఒక్కటే" అని రాసి, దాని కింద రెండో వరుసలో కొత్తదాని పేరు తెలుగులో రాసుకున్నారు, ఒక్క అక్షరదోషం లేకుండా.